సూది వచ్చింది.. విరుగుడు రాలేదు

జిల్లా పట్టణాలకు చేరిన ముఖసౌందర్య ఫిల్లర్లు
ప్రయోజనం వాస్తవమే.. ప్రమాదమూ వాస్తవమే
వేసే చేతికి అర్హత ఉందా, పక్కన విరుగుడు ఉందా అన్నదే అసలు ప్రశ్న

నరసరావుపేట: ముహూర్తాలు దగ్గరపడితే ఒకప్పుడు పట్టుచీరల దుకాణాలు, బంగారు కొట్లు కిటకిటలాడేవి. ఇప్పుడు వాటి సరసన బ్యూటీ పార్లర్లూ చేరాయి. ఫేషియల్, బ్లీచింగ్, త్రెడింగ్ అని రాసి ఉండే బోర్డులపై కొన్నిచోట్ల 'లిప్ ఫిల్లర్', 'చీక్ ఫిల్లర్' అన్న మాటలు కనిపిస్తున్నాయి. నిన్నమొన్నటి వరకు మహానగరాల క్లినిక్‌లకే పరిమితమైన ఈ సూది చికిత్స జిల్లా పట్టణాల గడప తొక్కింది. దానితోపాటు రావలసిన వైద్యుడు, విరుగుడు, జాగ్రత్త మాత్రం అన్నిచోట్లకూ రాలేదు. ఆందోళన కలిగిస్తున్న అంశం ఇదే.

ఈ విలేకరి బంధువర్గంలోనే జరిగిన ఉదంతం ఇందుకు నిదర్శనం. పెళ్లి పది రోజులు ఉందనగా ఒక యువతి పార్లర్‌లో పెదవులకు ఫిల్లర్ వేయించుకుంది. సూది దింపిన కొద్దిసేపటికే పైపెదవి ఒకవైపు పాలిపోయింది, నొప్పి మొదలైంది. ''కంగారు పడకండి అక్కా, ఐసు పెట్టండి, రెండు రోజుల్లో తగ్గిపోతుంది'' అని ఆమె తల్లికి చెప్పి పంపించారు. రాత్రంతా ఐసు పెట్టారు. తెల్లవారేసరికి పెదవి నుంచి ముక్కు పక్క వరకు చర్మంపై వలలాగా ఊదారంగు చారలు తేలాయి. గుంటూరు తీసుకువెళ్లగా చర్మవ్యాధుల నిపుణురాలు అడిగిన మొదటి మాట ''ఏ మందు వేశారు? ఆ డబ్బా తెచ్చారా అమ్మా?''. ఎవరి వద్దా సమాధానం లేదు. పార్లర్‌కు ఫోన్ చేస్తే 'ఫారిన్ మందు' అన్నారే తప్ప పేరు చెప్పలేకపోయారు. చివరకు పిల్ల మేనమామ వెళ్లి పార్లర్ చెత్తబుట్టలో వెతికి ఖాళీ డబ్బా తీసి, దాని ఫొటో పంపిన తర్వాతే చికిత్స సాగింది. విరుగుడు సూదులు మూడు దఫాలుగా ఇచ్చారు. పెదవి దక్కింది. పైన చిన్న మచ్చ మిగిలింది. పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది. కానీ ఆ డబ్బా దొరకకపోతే, మరో రోజు ఆలస్యమైతే ఏమయ్యేదన్న ప్రశ్న ఆ ఇంటిని నేటికీ వదలలేదు.

ఏమిటీ ఫిల్లర్?

వయసు పైబడేకొద్దీ ముఖంలోని కొవ్వు, ఎముక పటుత్వం తగ్గుతాయి. బుగ్గలు లోపలికి పోతాయి, కళ్ల కింద గుంటలు పడతాయి, ముక్కు పక్క నుంచి నోటి చివర వరకు గీతలు దిగుతాయి. ఆ ఖాళీలను చర్మం కింద జిగురువంటి పదార్థంతో నింపటమే ఫిల్లర్ చికిత్స. దీనిని చాలామంది బొటాక్స్‌తో కలిపి ఒకటిగా భావిస్తున్నారు. రెండూ వేరు. బొటాక్స్ కండరాన్ని సడలించి ముడతను తగ్గిస్తుంది. ఫిల్లర్ ఖాళీని పూడ్చి ముఖానికి నిండుదనం ఇస్తుంది.

నేడు అత్యధికంగా వాడుతున్నది హయలురానిక్ ఆమ్లంతో చేసిన ఫిల్లర్. ఇది మన శరీరంలో సహజంగా ఉండే పదార్థమే. నీటిని పట్టి ఉంచటం దీని గుణం. 1934లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే శాస్త్రవేత్తలు దీనిని పశువుల కంటిలోని ద్రవం నుంచి వేరుచేశారు. ఇప్పుడు కర్మాగారాలలో సూక్ష్మజీవుల సాయంతో తయారుచేసి, త్వరగా కరిగిపోకుండా రసాయనిక బంధాలు వేసి సిరంజిలలో నింపుతున్నారు. సాధారణంగా ఒక సిరంజిలో ఉండేది ఒక మిల్లీలీటరు. అంటే టీ చెంచాలో అయిదో వంతు. ఆ కాస్త మందుకే వేల రూపాయలు పలుకుతోంది. దీని ప్రభావం రకాన్ని, వేసిన చోటును బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర వరకు ఉంటుందని అంచనా. అయితే కొందరిలో ఏళ్ల తర్వాత కూడా ఎమ్మారై చిత్రాలలో దీని జాడ కనిపించటం గమనార్హం.

ఇవికాక ఎముకలోని ఖనిజాన్ని పోలిన కాల్షియం హైడ్రాక్సిలాపటైట్, పాలీ ఎల్ లాక్టిక్ ఆమ్లం వంటి ఫిల్లర్లు కూడా ఉన్నాయి. వీటికీ, హయలురానిక్ ఆమ్లానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆ తేడాపైనే ఒక్కోసారి రోగి ముఖం, చూపు ఆధారపడతాయి.

నూట పాతికేళ్ల పాఠం

ముఖాన్ని నింపాలన్న కోరిక కొత్తది కాదు. 19వ శతాబ్ది చివరిలోనే ఐరోపా వైద్యులు రోగి ఒంటి కొవ్వును తీసి ముఖంలో అమర్చే ప్రయత్నం చేశారు. 1899 ప్రాంతంలో వియన్నా వైద్యుడు రాబర్ట్ గెర్సునీ పారఫిన్ జాతి పదార్థాన్ని సూదితో ఎక్కించే పద్ధతికి నాంది పలికారు. కొంతకాలం అది గొప్ప ఆవిష్కరణగా చెలామణి అయింది. తీరా కొన్నేళ్లకు గడ్డలు కట్టటం, మందు మరోచోటికి జారటం, రక్తనాళాలు మూసుకుపోవటం వంటి అనర్థాలు బయటపడటంతో ఆ పద్ధతిని వదిలేశారు. తర్వాత ద్రవ సిలికాన్ వచ్చింది. దానివల్ల కలిగిన హానిని వైద్యలోకం నేటికీ చూస్తూనే ఉంది.

1981లో పశువుల చర్మం నుంచి తీసిన కొల్లాజెన్‌కు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. అది కొద్ది నెలలే నిలిచేది. అలర్జీ ఉందో లేదో ముందుగా చర్మంపై పరీక్షించవలసి వచ్చేది. 2003 డిసెంబరులో హయలురానిక్ ఆమ్లం ఫిల్లర్‌కు అదే సంస్థ తొలిసారిగా ఆమోదముద్ర వేయటంతో పరిస్థితి మారింది. ఈ చరిత్ర చెప్పే పాఠం ఒక్కటే. వేసిన నాటి అందాన్ని బట్టి కాదు, తేడా వచ్చిన నాడు దానిని తీయగలమా లేదా అన్నదానిని బట్టి మందు విలువ కట్టాలి.

మేలు లేకపోలేదు

ఫిల్లర్లను ఆడంబరమని కొట్టిపారేయటం న్యాయం కాదు. హెచ్ఐవీ బాధితులలో వ్యాధి వల్ల, కొన్ని పాత మందుల వల్ల బుగ్గలలోని కొవ్వు కరిగి ముఖం పీక్కుపోయేది. ముఖం చూసే రోగాన్ని పసిగట్టే సమాజంలో అది వారికి రెండో శిక్ష. వారి కోసమే 2004లో పాలీ ఎల్ లాక్టిక్ ఆమ్లం ఫిల్లర్‌కు అమెరికాలో అనుమతి లభించింది. మొటిమలు మిగిల్చిన గుంటలను పూడ్చేందుకు 2014లో మరో రకానికి ఆమోదం దక్కింది. ప్రమాదాలలో ముఖం ఒకవైపు లోపలికి పోయినవారికి, పుట్టుకతో వంకర ఉన్నవారికి కూడా ఇవి ఉపకరిస్తున్నాయి.

శస్త్రచికిత్స అవసరం లేదు. పూర్తి మత్తు అక్కరలేదు. అరగంట, గంటలో పని ముగుస్తుంది. ఫలితం వెంటనే కనిపిస్తుంది. అర్హత గల వైద్యుని చేతిలో, సరైన మోతాదులో, ఆమోదం పొందిన మందుతో జరిగితే ఎక్కువ మందికి ఇబ్బంది కలగదు. వాపు, ఎరుపు, కమిలిన మచ్చ వంటివి కొద్ది రోజులలో, మహా అయితే రెండు వారాలలో సర్దుకుంటాయి. తన ముఖం తనకు నచ్చేలా ఉండాలనుకోవటం నేరమేమీ కాదు. ఆ కోరికను ఎవరి చేతిలో పెడుతున్నామన్నదే ప్రశ్న.

ముఖమంతా రక్తనాళాల వల

ముఖంలో రక్తనాళాలు చెరువు కింది పిల్లకాలువల్లా ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. సూది మొన పొరపాటున నాళంలోకి దిగితే జిగురు మందు దానిని మూసేస్తుంది. ఆ కాలువ కింద ఉన్న చర్మానికి రక్తం అందదు. మొదట తెల్లబారుతుంది. తర్వాత ఊదారంగు చారలు తేలతాయి. పట్టించుకోకపోతే చీముపొక్కులు వచ్చి చర్మం నల్లబడి కుళ్లిపోతుంది.

ఇంతకంటే భయంకరమైనది చూపు పోవటం. ముఖంలోని కొన్ని నాళాలకు కంటికి రక్తం తెచ్చే నాళంతో సంబంధం ఉంది. ఒత్తిడితో ఎక్కించిన మందు వెనక్కి ప్రయాణించి కంటి నాళానికి చేరితే క్షణాలలో చూపు ఆగిపోవచ్చు. 2015లో ప్రచురితమైన ఒక వైద్య సమీక్ష ప్రపంచవ్యాప్తంగా అప్పటికి నమోదైన ఇటువంటి 98 కేసులను ఒకచోట చేర్చింది. వాటిలో దాదాపు సగం సొంత కొవ్వును ఎక్కించినప్పుడు, సుమారు నాలుగో వంతు హయలురానిక్ ఆమ్లం వేసినప్పుడు జరిగినవి. కనుబొమల నడిమి భాగం, ముక్కు అత్యంత ప్రమాదకరమైన చోట్లుగా తేలాయి. 2019లో అదే సమీక్షకు కొనసాగింపుగా మరో 48 కేసులు చేరాయి. వేస్తున్న లక్షలాది సూదులతో పోలిస్తే ఈ సంఖ్య చాలా స్వల్పమే. అయితే ఆ స్వల్పంలో మనమే ఉంటే నష్టం నూటికి నూరు పాళ్లు.

నెలల తర్వాత గడ్డలు కట్టటం, ఇన్ఫెక్షన్ రావటం, హెర్పిస్ వంటి పాత పొక్కులు తిరగబెట్టటం కూడా జరుగుతుంటాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ముఖంపై పుండ్లు, మొటిమల చీము ఉన్నవారు వీటి జోలికి పోకపోవటమే మేలు. రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడేవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

చవకైన విరుగుడు.. ఖరీదైన నిర్లక్ష్యం

హయలురానిక్ ఆమ్లానికి విరుగుడు ఉంది. దాని పేరు హయలురానిడేజ్. వేసిన మందును కరిగించే ఎంజైము అది. ఇదేమీ దొరకని వస్తువు కాదు. శుక్లాల ఆపరేషన్‌కు ముందు కంటి చుట్టూ ఇచ్చే మత్తుమందు బాగా పాకేందుకు నేత్రవైద్యులు ఏళ్లుగా దీనిని వాడుతున్నారు. ఫిల్లర్ సిరంజి ధరతో పోలిస్తే దీని ఖర్చు స్వల్పం. కనుక విరుగుడు అందుబాటులో లేకపోవటానికి కారణం కొరత కాదు, నిర్లక్ష్యం.

అయితే రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, ఈ విరుగుడు హయలురానిక్ ఆమ్లంపైనే పనిచేస్తుంది. కాల్షియం ఫిల్లర్‌నుగానీ, సిలికాన్‌నుగానీ ఇది కరిగించలేదు. అందుకే గుంటూరు వైద్యురాలు మొదట డబ్బా అడిగారు. రెండు, కొందరికి, ముఖ్యంగా తేనెటీగ కుడితే ఒళ్లంతా అలర్జీ వచ్చేవారికి, ఈ విరుగుడే పడకపోవచ్చు. కాబట్టి దీనిని ఇవ్వవలసింది అలర్జీ వస్తే ప్రాణం నిలపగల వైద్యుడే.

ఇక సమయం. చర్మం విషయంలో మొదటి కొన్ని గంటలే కీలకం. కంటి తెర రక్తం లేకుండా తట్టుకోగలిగేది గంటన్నర లోపేనని, చాలా సందర్భాలలో అంతకంటే తక్కువేనని వైద్యశాస్త్రం చెబుతోంది. చూపు పోయిన తర్వాత విరుగుడు ఇచ్చినా తిరిగి రావటం అరుదు. నరసరావుపేట నుంచి గుంటూరుకు దాదాపు 45 కిలోమీటర్లు. మాచర్ల నుంచి నూరు కిలోమీటర్ల పైమాటే. బస్సు దొరికి, ఆస్పత్రి చేరి, వైద్యుడు వచ్చేసరికి ఆ గడువు దాటిపోతుంది. నగరంలో ప్రమాదం జరిగితే పక్కవీధిలో నిపుణుడు ఉండవచ్చు. పల్లెపట్టున ఆ అవకాశం లేదు. కాబట్టి సూది ఎక్కడ వేస్తే విరుగుడు అక్కడే ఉండి తీరాలి. పాముకాటు మందు ఆరోగ్య కేంద్రంలో ఉందా లేదా అని అధికారులను నిలదీసే పల్నాడు రైతు, కూతురి పెదవికి సూది వేయించేటప్పుడు అదే ప్రశ్న అడగవద్దా?

చట్టం ఏమంటోంది?

దేశంలో వైద్య పరికరాలన్నింటినీ 2020 ఏప్రిల్ 1 నుంచి ఔషధ చట్టం పరిధిలోకి తెచ్చారు. దిగుమతి చేసుకునే ఫిల్లర్ డబ్బాపై దిగుమతిదారు పేరు, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ ఉండాలి.

జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో సౌందర్య చికిత్సలు, జుట్టు మార్పిడిపై మార్గదర్శకాలు జారీచేసింది. తగిన శిక్షణ పొందిన రిజిస్టర్డ్ వైద్యులే వీటిని చేయాలని స్పష్టం చేసింది. వర్క్‌షాపులలో చూసో, యూట్యూబ్ చూసో నేర్చుకున్నది శిక్షణ కిందకు రాదని కూడా తేల్చిచెప్పింది. వైద్యులకే వర్తించే ఈ మాట నాలుగు రోజుల కోర్సు ధ్రువపత్రాన్ని గోడకు తగిలించుకున్నవారికి ఇంకెంత వర్తించాలి? రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద ఏడాది వరకు జైలు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రాష్ట్రంలో ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కు 2002 నుంచే చట్టం ఉంది. చట్టానికి కొరత లేదు. పార్లర్ తలుపు తట్టి, లోపల ఏ సూది వాడుతున్నారని అడిగే తనిఖీకే కొరత.

వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందకు వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. నష్టపోయినవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అయితే చేతిలో రసీదు లేకపోతే కేసు నిలవటం కష్టం. పరువు పోతుందని నోరు మెదపని కుటుంబాలే ఎక్కువ కావటం అనర్హులకు కలిసివస్తోంది.

ఆన్‌లైన్ పెన్ను.. మిగిలిన సగం సిరంజి

సూది లేకుండా ఒత్తిడితో మందును చర్మంలోకి చిమ్మే 'హయలురాన్ పెన్ను'లు ఆన్‌లైన్‌లో చలామణి అవుతున్నాయి. వీటిని వాడవద్దని అమెరికా నియంత్రణ సంస్థ 2021 అక్టోబరులో హెచ్చరించింది. మందు ఏ లోతుకు, ఏ నాళంలోకి వెళుతుందో వాడేవారి అదుపులో ఉండదన్నది నిపుణుల వాదన.

మరో అపాయం పొదుపు రూపంలో వస్తోంది. ఒకరికి వాడగా మిగిలిన సిరంజిని దాచి మరొకరికి వేయటం, ఇద్దరు స్నేహితురాళ్లు ఒక సిరంజిని పంచుకోవటం ప్రాణాంతకం. సూది మార్చినా సిరంజిలో చేరిన రక్తపు అంశ మారదు. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక స్పాలో రక్తంతో చేసే ముఖసౌందర్య చికిత్స ద్వారా కొందరు మహిళలకు హెచ్ఐవీ సోకింది. 2018లో మూసివేసిన ఆ స్పాపై 2024లో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం నివేదిక వెలువరించింది. అది ఫిల్లర్ కాదు. కానీ సూది సూదే, నిర్లక్ష్యం నిర్లక్ష్యమే.

నియంత్రణ లేకపోతే సంపన్న దేశాలూ తడబడతాయి. ఇంగ్లండులో 2013లో బ్రూస్ కియో నేతృత్వంలో జరిగిన సమీక్ష, ఇటువంటి చికిత్స చేయించుకునేవారికి పెన్నో, పళ్లు తోముకునే బ్రష్షో కొన్నవారికి మించిన రక్షణ లేదని తప్పుపట్టింది. 2021 అక్టోబరు నుంచి అక్కడ కేవలం అందం కోసం 18 ఏళ్లలోపు వారికి ఫిల్లర్లు వేయటం నేరమైంది. అమెరికాలో 22 ఏళ్లు నిండనివారికి ఫిల్లర్లకు ఆమోదం లేదు. ఇంటర్, డిగ్రీ చదివే ఆడపిల్లలున్న తల్లిదండ్రులు ఈ వయసుల సంగతి గుర్తుంచుకోవాలి.

ధర అడిగే ముందు..

ఫిల్లర్ వేయించుకోదలచినవారు ధర కంటే ముందు ఈ అయిదు ప్రశ్నలు అడగాలి.

1. సూది వేసేది ఎవరు? చర్మవ్యాధులలో ఎండీ లేదా డిప్లొమా, లేదా ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ ఉందా? రిజిస్ట్రేషన్ సంఖ్యను రాష్ట్ర వైద్య మండలి వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

2. ఏ మందు? సీలు వేసిన డబ్బాను కళ్లెదుటే విప్పాలి. బ్యాచ్ సంఖ్య ఉన్న చీటీని అడిగి తీసుకోవాలి.

3. విరుగుడు ఈ గదిలో ఉందా? ఉందంటే చూపించమనాలి. గడువు తేదీ చూడాలి.

4. రాత్రి తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఎత్తేది వైద్యుడా, రిసెప్షనిస్టా?

5. రసీదు ఇస్తారా? ఆరోగ్య బీమా ఈ ఖర్చును సాధారణంగా భరించదు కనుక రసీదే ఆధారం.

వేయించుకున్న తర్వాత చర్మం తెల్లబారినా, నొప్పి పెరుగుతున్నా, ఊదారంగు చారలు తేలినా, చూపు మసకబారినా, రెప్ప వాలినా, మాట తడబడినా ఒక్క నిమిషం వృథా చేయరాదు. రక్తం అందని చర్మంపై ఐసు పెడితే నాళాలు మరింత ముడుచుకుంటాయి. మామూలు వాపుకు ఐసు మంచిదే. కానీ తెల్లబారిన చర్మానికి కాదు. డబ్బాతో సహా నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. చూపులో తేడా ఉంటే నేత్రవైద్యుడున్న ఆస్పత్రికే వెళ్లాలి.

అధికారులు మేల్కోవాలి

జిల్లా వైద్య ఆరోగ్య శాఖ, ఔషధ నియంత్రణ అధికారులు సంయుక్తంగా పార్లర్లను, స్కిన్ క్లినిక్‌లను తనిఖీ చేయవలసిన సమయం ఆసన్నమైంది. సూది వాడే ప్రతి చోటా వైద్యుని పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య బోర్డుపై రాయించాలి. విరుగుడు లేనిచోట ఫిల్లర్ వేయరాదన్న నిబంధన పెట్టాలి. జిల్లా కేంద్ర ఆస్పత్రిలో ఈ విరుగుడును నిల్వ ఉంచి, రాత్రివేళ విధుల్లో ఉండే వైద్యులకు దీని వాడకంపై అవగాహన కల్పించాలి. ఇందుకు కోట్లు అక్కరలేదు.

పార్లర్లు నడుపుతున్న మహిళలలో ఎక్కువమంది స్వయంకృషితో కుటుంబాలను పోషించుకుంటున్నవారే. వారి ఉపాధిని దెబ్బతీయాలని ఎవరూ కోరరు. వారికి తెలిసిన పని వారు చేసుకోవచ్చు. చర్మం పైన చేసే పని వేరు, చర్మం లోపల చేసే పని వేరు. ఆ గీత దాటకూడదని వారికి చెప్పవలసిన బాధ్యత అధికారులది. దాటినవారి వద్దకు వెళ్లకుండా ఉండవలసిన బాధ్యత మనది.

ఆ పెళ్లికూతురి తల్లి ఇప్పుడు బంధువుల ఇళ్లలో పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఒకే మాట చెబుతోంది. ''ఎంతవుతుందని తర్వాత అడుగుదువుగానీ అమ్మా.. తేడా వస్తే కరిగించే మందు దగ్గరుందో లేదో ముందు అడుగు''. అధికారుల తనిఖీలు ఎప్పుడు మొదలవుతాయో తెలియదు. అంతవరకు ప్రతి ఇంటికీ ఆ తల్లి మాటే రక్ష.